తలకిందులైన బురద గొట్టం

ఇప్పుడు నేను హనుమకొండలో గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చే పిల్లలకు జాగ్రఫీ చెబుతున్నాను. అంతకుముందు రెండేళ్ళు ఏం చేశావని ఎవరైనా అడిగితే మాత్రం కాస్త నీళ్ళు నములుతాను. "గ్లేసియర్ల, అంటే మంచునదుల, పాత చరిత్ర కోసం హిమాలయాల్లో ఒక సరస్సు అడుగు నుంచి బురద తెచ్చి, దాన్ని అర సెంటీమీటరు ముక్కలుగా కోసి, తూచి, కాల్చి, మళ్ళీ తూచేవాణ్ణి" అంటే అవతలివాళ్ళు నవ్వుతారు, లేదంటే జీతం ఎంత అని అడుగుతారు. జీతం సంగతి వదిలేయండి, ప్రాజెక్ట్ అసిస్టెంట్ జీతం ఎంతుంటుందో అంతే.

మా బాపు మాత్రం నవ్వలేదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "గా బురద మన చెరువుల లేదా బిడ్డా? గంత దూరం పోవుడెందుకు?" అన్నాడు.

మంచి ప్రశ్నే. అసలు నాకు ఈ పిచ్చి పట్టింది కూడా మన చెరువులోనే. మాది నర్సంపేట అవతల, పాకాల వైపు. 2016 ఎండాకాలం మిషన్ కాకతీయ కింద మా ఊరి చెరువు పూడిక తీస్తున్నారు. జేసీబీ బకెట్ దిగి లేచిన చోట మట్టి గోడలాగా నిలబడింది, దాదాపు నా ఛాతీ ఎత్తు. పైన నెర్రెలు వారిన నల్లటి ఒండ్రు, దాని కింద బూడిద రంగు జిగట మట్టి, మధ్యలో రెండు మూడు చోట్ల వేలు మందాన ఇసుక చారలు, అడుగున ఎర్రటి మొరం. జనమంతా ట్రాక్టర్ ట్రిప్పులకు పేర్లు రాయించుకుంటుంటే నేను ఆ గోడ ముందు నిలబడి ఈ ఇసుక చారలు ఏ యేటి వరదవో అని చూస్తున్నాను. బాపు ఆ యేడు మా చెలకకు నలభై ట్రిప్పులు కొట్టించాడు. ఆ చారలన్నీ ఇప్పుడు మా పత్తిచేన్లో కలిసిపోయి ఉన్నాయి.

బాపు ప్రశ్నకు జవాబు కూడా అదే. మన చెరువు బురదలో లెక్కలు ఉంటాయి గానీ కాగితాలు చెదిరిపోయి ఉంటాయి. ఎండాకాలం చెరువు ఎండితే నెర్రెలు జానెడు లోతుకు దిగుతాయి. తొలకరికి పైమట్టి వాటిల్లోకి జారుతుంది, అంటే నిన్నటి మట్టి ఇరవై ఏళ్ళ కిందటి మట్టి పక్కన పోయి కూర్చుంటుంది. బర్రెలు తొక్కుతాయి. తామర దుంపలు గుచ్చుకుంటూ పోతాయి. కుమ్మరోళ్ళు తీస్తారు, ఇటుక బట్టీలోళ్ళు తీస్తారు, నీళ్ళు వెనక్కి పోయిన శిఖంలో దున్నుతారు. చెరువు ఉన్నది ఊరి కోసం, నా కోసం కాదు, కాబట్టి దీనిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇంకో తమాషా కూడా ఉంది. పూల పుప్పొడికి పైన ఉండే పొర చాలా గట్టిది, బురదలో వేల ఏళ్ళు చెక్కుచెదరదు. ఏ పొరలో ఏ చెట్టు పుప్పొడి ఎంత ఉందో మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి అప్పుడు చుట్టూ అడవి ఉందా, గడ్డి ఉందా, ఎండిపోయిందా అని చెప్పడం పెద్ద విద్య. లక్నోలో బీర్బల్ సహానీ పేరు మీద ఉన్న సంస్థలో ఈ పని దశాబ్దాలుగా చేస్తున్నారు. మన చెరువుల్లో ఆ లెక్క తీసేవాడి పరిస్థితి ఊహించుకోండి: ఏటేటా సద్దుల బతుకమ్మ నాటి రాత్రి తంగేడు, గునుగు, బంతి గంపలకొద్దీ నీళ్ళల్లోకి పోతాయి. వెయ్యేళ్ళ తర్వాత ఎవడో వచ్చి చూసి, ఇక్కడ చెరువు చుట్టూ తంగేడు అడవి తప్ప ఇంకేమీ లేదని పేపర్ రాసేస్తాడు.

ఎత్తయిన కొండల మీది సరస్సులో ఈ గొడవలు తక్కువ. బర్రెలు ఉండవు. ఏడాదిలో సగం రోజులు పైన మంచు మూత వేసి ఉంటుంది. లోతుగా, చల్లగా, కదలకుండా ఉంటుంది కాబట్టి పైనుంచి పడ్డది పడ్డచోటే ఉంటుంది, దానిమీద మరుసటి యేటిది పడుతుంది. పైన కొండలో గ్లేసియర్ ఉంటే ఇక ఆ సరస్సు దాని ఖాతా పుస్తకమే.

గ్లేసియర్ అంటే కదలకుండా పడి ఉండే మంచుగడ్డ అనుకుంటాం. అది కదులుతుంది, చాలా నెమ్మదిగా, తన బరువుకు తనే కిందికి జారుతూ. అడుగున ఇరుక్కున్న రాళ్ళు కింది బండను గీరుతూ పోతాయి. మా అవ్వ ఇసుర్రాయి తిప్పుతుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. అక్కడ రెండు రాళ్ళ మధ్య జొన్నలు నలిగి పిండి రాలేది. గ్లేసియర్ కింద జొన్నల చోటులో నలిగేది కూడా రాయే, కాబట్టి రాలేది రాతిపిండి. మైదాపిండి అంత మెత్తగా ఉంటుంది, నీళ్ళల్లో వెంటనే అడుగుకు దిగదు. ఆ సరస్సుల నీళ్ళు ఫొటోల్లో పాలు కలిపిన నీలంలా ఉంటే మనవాళ్ళు ఎడిటింగ్ అనుకుంటారు గానీ, ఆ రంగు ఈ పిండిదే. నీళ్ళల్లో తేలుతున్న పిండి మీద వెలుతురు పడి చెదిరితే అలా కనిపిస్తుంది.

గ్లేసియర్ పెద్దదైతే ఇసురుడు ఎక్కువ, పిండి ఎక్కువ. సరస్సు అడుగున బూడిద రంగు పొర పడుతుంది, బరువుగా, చచ్చిన ఆకూ నాచూ ఏమీ లేకుండా. గ్లేసియర్ చిన్నదై పైకి పోయినా, అసలే కరిగిపోయినా పిండి ఆగిపోతుంది, నీళ్ళు తేటపడతాయి, చుట్టూ గడ్డి మొలుస్తుంది, నీళ్ళల్లో పాచి పెరుగుతుంది. అప్పుడు పడే పొర గోధుమ రంగులో, తేలిగ్గా ఉంటుంది. స్వీడన్ ఉత్తరాన లాప్‌లాండ్‌లో విబ్యోర్న్ కార్లేన్ అనే ఆయన 1970లలో ఈ కిటుకును పట్టుకుని గ్లేసియర్ల పాత చరిత్ర తీశాడు. తర్వాత నార్వేవాళ్ళు దాన్ని ఎక్కడికో తీసుకుపోయారు.

కొండ మీదే గ్లేసియర్ ఆనవాళ్ళు ఉంటాయి కదా, బురద దాకా ఎందుకు అంటారేమో. ఉంటాయి. అది ముందుకు తోసుకొచ్చిన రాళ్ళ గుట్టలను మొరైన్లు అంటారు. కానీ ఐదొందల ఏళ్ళ తర్వాత అదే గ్లేసియర్ ఇంకాస్త ముందుకొస్తే పాత గుట్టను తనే తొక్కి చదును చేసేస్తుంది. గుట్టను చూస్తే బాగా ముందుకొచ్చింది ఎక్కడిదాకానో తెలుస్తుంది, అంతకుముందు ఎన్నిసార్లు వచ్చిపోయిందో తెలియదు. కింద ఉన్న సరస్సు మాత్రం వచ్చిన ప్రతిసారీ రాసుకుంటుంది, పోయిన ప్రతిసారీ రాసుకుంటుంది. ఆ రాసుకున్నది చదవడంలోనే ఉంది తంటా అంతా.

మా సరస్సు పేరు ఇక్కడ రాయను, ఆ ప్రాజెక్ట్ ఇంకా నడుస్తోంది. నాలుగు వేల మీటర్ల పైన ఉంటుంది అనుకోండి. నేను పోయింది ఒక్కసారే, ఆగస్టు చివర. మొదటి రెండు రోజులు తలనొప్పితో టెంట్లోంచి బయటికి రాలేదు. మూడో రోజు గాలి నింపిన రెండు పడవల మీద ప్లైవుడ్ పలక కట్టి, సరస్సు మధ్యకు పోయి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టాన్ని తాడుతో దింపి అడుగు బురదలోకి కొట్టారు. పైకి లాగితే గొట్టం నిండా బురద, చారలు చారలుగా, మధ్యలో ఒకచోట స్పష్టంగా బూడిద రంగు పట్టీ. చలికి చేతులు పనిచేయని స్థితిలో కూడా అందరం ఒక్కసారి కేకలు పెట్టాం.

ఆ గొట్టాన్ని నిలువుగానే మోయాలి, పడుకోబెడితే పైన ఉన్న పలుచని బురద కలిసిపోతుంది. గత వందేళ్ళు అందులోనే ఉంటాయి, అంటే మనకు బాగా కావలసిన వందేళ్ళు. దానికోసం ఏం వాడతారో తెలుసా, పూల బొకేల్లో కాడలు గుచ్చే పచ్చ స్పాంజ్. దాన్ని గుండ్రంగా కోసి గొట్టంలోకి మెల్లగా దించితే నీళ్ళను పీల్చుకుని బురదను అదిమి పట్టుకుంటుంది. లక్షల రూపాయల యంత్రాల మధ్య ఈ నలభై రూపాయల స్పాంజ్ మీద మా ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

గొట్టానికి పై కొసకు ఎర్ర మూత, కింది కొసకు నల్ల మూత పెట్టాలని నియమం. పక్కన మార్కర్‌తో పైకి బాణం కూడా గీయాలి. మూడో గొట్టం దగ్గరికి వచ్చేసరికి ఎర్ర మూతలు అయిపోయాయి. రెండు కొసలకూ నల్లవే పెట్టి, బాణం గీశాం కదా అని ధీమాగా ఉన్నాం. ఆ రాత్రి వాన. మార్కర్ మరీ అంత మంచి కంపెనీది కాదు. ఆ బాణం గీసింది నేనే.

ల్యాబ్‌కు వచ్చాక గొట్టాలను నాలుగు డిగ్రీల చల్లని గదిలో పెట్టారు. ఒక్కొక్కటి తీసి, ఉంగరం లాంటి ఒక సెన్సర్ లోంచి మెల్లగా తోస్తూ అయస్కాంత గుణం కొలవడం నా పని. రాతిపిండిలో అయస్కాంత ఖనిజాలు ఉంటాయి కాబట్టి బూడిద పొర వచ్చినచోట గ్రాఫ్ లేస్తుంది, గోధుమ పొర దగ్గర పడిపోతుంది. మూడో గొట్టం చేతిలోకి తీసుకున్నాను. బాణం లేదు. ఒక కొసన బురద కాస్త మెత్తగా అనిపించింది, ఇదే పై భాగం అని నాకు నేనే చెప్పుకుని పెట్టేశాను. అడగాల్సింది. అడిగితే బాణం సంగతి బయటపడుతుంది కదా.

తర్వాత గొట్టాన్ని నిలువునా రెండుగా కోశాం. మధ్యలో 9 సెంటీమీటర్ల బూడిద పట్టీ. కింద మెత్తగా మొదలై పైకి పోయేకొద్దీ గరుకుగా అవుతోంది. నాకు ఒళ్ళంతా పులకరింత. రేణువులు పైకి పోయేకొద్దీ పెద్దవవుతున్నాయంటే గ్లేసియర్ ఏటికేడు సరస్సుకు దగ్గరవుతోందని అర్థం చెప్పుకోవచ్చు. ఆ సరస్సులో పూడిక ఏడాదికి సుమారు అర మిల్లీమీటరు అని అప్పటికి మాకున్న అంచనా. ఆ లెక్కన 9 సెంటీమీటర్లంటే 180 ఏళ్ళు. నూట ఎనభై ఏళ్ళ పాటు ఒక గ్లేసియర్ కొండ దిగి రావడం నా బల్ల మీద ఉంది. నోట్‌బుక్‌లో అలాగే రాసుకుని, అండర్‌లైన్ కూడా చేశాను.

మరుసటి రోజు మా సీనియర్ మేడమ్ వచ్చి చూశారు. ఏమీ మాట్లాడలేదు. పట్టీ పైకొస నుంచి గోటితో చిటికెడు తీసి ముందు పళ్ళ మధ్య పెట్టుకున్నారు. భూగర్భ శాస్త్రం వాళ్ళకు ఇది మామూలే, ఎంత మెత్తటి రేణువైనా పంటికి తెలిసిపోతుంది: బంకమట్టి అయితే వెన్నలా జారుతుంది, ఒండ్రు అయితే కరకరమంటుంది. నాకూ పెట్టుకోమన్నారు. పైకొస అన్నంలో రాయి పడ్డట్టు కరకర. కిందికొస వెన్న. "ఇప్పుడు రెండు అంచులు చూడు" అన్నారు. పైన కత్తితో కోసినట్టు తేటగా గీత. కింద మాత్రం బూడిద రంగు మెల్లగా గోధుమలో కలిసిపోతోంది, గీత ఎక్కడో చెప్పలేం.

నా క్లాసులో పిల్లలకు ఇప్పుడు ఒక సీసా చూపిస్తాను. ఇసుక, చెరువు మట్టి, నీళ్ళు పోసి బాగా కుదిపి బల్ల మీద పెడతాను. ఇసుక క్షణాల్లో దిగుతుంది. ఒండ్రుకు కాసేపు పడుతుంది. బంకమట్టి రాత్రంతా తేలి తెల్లారేసరికి పైన మీగడలా పేరుకుంటుంది. ఒకే కుదుపుకు వచ్చిన మట్టి ఎప్పుడూ గరుకు కింద, మెత్తన పైన ఉంటుంది, కింద అంచు పాత బురద మీద ఒక్కసారిగా పడ్డది కాబట్టి తేటగా ఉంటుంది. నా గొట్టంలో అంతా తిరగబడి ఉంది. ఎందుకంటే గొట్టమే తిరగబడి ఉంది.

దాన్ని తిప్పి చూస్తే 180 ఏళ్ళు మాయమైపోయాయి. ఆ 9 సెంటీమీటర్లు ఒక్క వరద, బహుశా ఒక్క రోజుది. పక్కనే కొట్టిన ఇంకో గొట్టంతో పొరలు పోల్చి చూస్తే అదే రుజువైంది. నేను బాణం సంగతి ఒప్పుకున్నాను. మేడమ్ తిట్టలేదు, తిడితే బాగుండేది. "ఇలా పడ్డ పొరలను వయసు లెక్కలోంచి ముందే కోసి తీసేయాలి, లేకపోతే మొత్తం కాలెండర్ తప్పుతుంది" అని మాత్రం చెప్పి, నా అండర్‌లైన్ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఫోన్లో ఆ ఫొటో బాపుకు చూపించాను, ఏమీ చెప్పకుండా. కళ్ళజోడు పెట్టుకుని చూసి "గిది మేట" అన్నాడు. ఇసుక మేట. వాగు పొంగి ఒక్క రాత్రిలో పొలం మీద పరిచిపోయేది. నేను ఉబ్బిపోయి ఇంకో ఫొటో చూపించాను, దాంట్లో ఉన్న పట్టీ నిజంగానే నెమ్మదిగా పడ్డది. దాన్ని కూడా "గిదీ మేటనే" అన్నాడు. కాబట్టి పల్లెటూరి రైతు సైంటిస్టులను మించిపోయాడని వాట్సాప్‌లో పెట్టుకోవడానికి ఏమీ లేదు, రెండింటిలో ఒకటి కరెక్ట్. ఆ రోజు నా స్కోరు మాత్రం సున్నా.

కానీ మేట అనే మాట నాకు బాగా నచ్చింది, ఆ తర్వాత మా ల్యాబ్‌లో హిందీవాళ్ళకు కూడా అదే నేర్పాను. 2023 జులై చివర మన దగ్గర పడ్డ వాన గుర్తుందా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు ఊరినే ముంచేసింది, మోరంచపల్లి జనాన్ని హెలికాప్టర్లు పెట్టి తీయాల్సి వచ్చింది. నీళ్ళు తీశాక పొలాల్లో ఇసుక మేటలు. ఆ వాగు ఏదైనా లోతైన, ఎవరూ ముట్టని సరస్సులోకి పోయి ఉంటే 2023 అని రాసి పెట్టినట్టు ఒక పట్టీ మిగిలేది. హిమాలయాల్లో అలాంటివి మిగులుతున్నాయి. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైన చోరాబరీ సరస్సు కట్ట తెగింది. 2023 అక్టోబర్ 3 రాత్రి సిక్కింలో సౌత్ లోనక్ సరస్సు పొంగి, అర్ధరాత్రి దాటాక చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా డ్యామ్‌ను ఊడ్చేసింది. ఇలాంటివి ఇంతకుముందు ఎన్నేళ్ళకోసారి వచ్చేవో తెలియాలంటే రికార్డులు వందేళ్ళు కూడా లేవు, ఉన్నది ఈ బురదే. నేను గ్లేసియర్ చరిత్ర నుంచి చెత్తలా కోసి పారేయాల్సిన పట్టీ, ఇంకొకళ్ళకు అదే అసలు పేజీ.

వయసు ఎలా చెబుతారని అందరూ అడుగుతారు, కాస్త చెప్తాను. అదృష్టం బాగుంటే పొరలే ఏటి లెక్కలు. గ్లేసియర్ ముందున్న కొన్ని సరస్సుల్లో ఎండాకాలం కరిగిన నీళ్ళతో గరుకు పొర, చలికాలం మంచు మూత కింద మిగిలిన మెత్తటి మట్టి దిగి సన్నని నల్ల పొర, రెండూ కలిపి ఒక ఏడాది. వాటిని వార్వ్‌లు అంటారు. స్వీడన్‌లో యెరార్డ్ దె యేర్ అనే ఆయన 1878లోనే వీటిని గమనించి, ఒక్కో గుంతలో చారలు లెక్కపెట్టి, ఒక ఊరి చారలను పక్క ఊరి చారలతో కలుపుకుంటూ పోయి, ఒకప్పుడు అక్కడంతా కప్పిన పెద్ద మంచుదుప్పటి ఏ ఏడు ఎక్కడిదాకా వెనక్కి పోయిందో లెక్క తేల్చి 1910లో స్టాక్‌హోమ్ సభలో చెప్పాడు. ముప్పై ఏళ్ళకు పైగా చారలు లెక్కపెట్టడమే. నేను రెండేళ్ళకే కోచింగ్ సెంటర్‌కు వచ్చేశాను.

మా సరస్సులో అంత అదృష్టం లేదు. అలాంటప్పుడు పైభాగానికి సీసం-210 అనే రేడియోధార్మిక పదార్థం వాడతారు. అది గాలిలోంచి నిత్యం రాలుతూ ఉంటుంది, 22 ఏళ్ళకోసారి సగమవుతుంది, దాంతో నూరు నూటయాభై ఏళ్ళు చూడొచ్చు. సరస్సు బురదకు దీన్ని మొట్టమొదట వాడి చూపించినవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారు, కృష్ణస్వామి, దేవేంద్ర లాల్, ఇద్దరు ఫ్రెంచ్‌వాళ్ళతో కలిసి, 1971లో. పరీక్షల్లో ఈ ప్రశ్న రాదు గానీ నేను చెబుతూనే ఉంటాను. సీజియం-137 ఇంకో గుర్తు: అణుబాంబు పరీక్షలతో గాలిలోకి పోయి ప్రపంచమంతా రాలింది, 1963 దగ్గర శిఖరం. ఏ మూల సరస్సులోనైనా ఆ పొర దొరికితే అక్కడ ఒక తేదీ వేసుకోవచ్చు. ఇంకా కిందికి పోతే, ప్రాణం పోయినదాంట్లో మెల్లగా తగ్గిపోయే కార్బన్-14. అది సులువు అనుకుంటారు, కాదు. చెట్లు లేని ఎత్తులో ఆకు ముక్క దొరకడమే కష్టం. సున్నపురాయి ఉన్నచోట నీళ్ళల్లో పాత కార్బన్ కరిగి ఉంటుంది, ఆ నీళ్ళల్లో నిన్న పుట్టిన నాచు కూడా వందల ఏళ్ళ ముసలిదానిలా లెక్కకొస్తుంది.

కాల్చే పని మాత్రం నాకు ఇష్టం. మా ఊరి అవుసులాయన దగ్గర ఉండే మూసల్లాంటివే చిన్న చిన్న మూసలు, ఒక్కోదాంట్లో చెంచాడు బురద. రాత్రంతా 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూస్తాం. తర్వాత కొలిమిలో 550 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు. ఆకూ నాచూ అంతా కాలిపోతుంది, మట్టి మిగులుతుంది. మళ్ళీ తూస్తాం. తగ్గిన బరువే అప్పటి జీవం. ముప్పై మూసలు వరసగా బయటికి వస్తే రంగులోనే కథ తెలిసేది, నల్లగా లోపలికి పోయినవి కొన్ని ఇటుక ఎరుపులో వచ్చేవి, కొన్ని లోపలికి పోయినప్పటిలాగే తెల్లగా వచ్చేవి. ఆ తెల్లవి గ్లేసియర్ పిండి.

క్లాసులో ఒక అబ్బాయి అడిగాడు, పరకాల నుంచి రోజూ బస్సులో వస్తాడు. "సార్, గ్లేసియర్లు ఇదివరకు కూడా కరిగినయి కదా, ఇప్పుడు కరిగితే గీ లొల్లి ఎందుకు?" మిగతావాళ్ళు నవ్వారు గానీ వాడు అడిగింది సరైనదే. కరిగాయి. నార్వే సరస్సుల బురద చెప్పేది అదే. యూరప్ ప్రధాన భూభాగంలో అన్నిటికంటే పెద్ద గ్లేసియర్, అక్కడి యోస్టెడాల్స్‌బ్రీన్ కూడా కొన్ని వేల ఏళ్ళ కిందట ఒకప్పుడు పూర్తిగా పోయింది, మళ్ళీ పుట్టింది. 1700ల్లో దాని కొస ఒకటి, నిగార్డ్స్‌బ్రీన్, పొలాలను తొక్కుకుంటూ కిందికి వచ్చి 1748లో ఆగింది. వేల ఏళ్ళ కిందట అది కరగడానికి కారణం తెలుసు. ఇప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో. పదకొండు వేల ఏళ్ళ కిందట అదే దగ్గరితనం ఉత్తరాన ఎండాకాలంలో ఉండేది, కాబట్టి అక్కడి ఎండలు ఎక్కువ. ఆ తర్వాత ఆ ఎండ మెల్లగా తగ్గుతూ వస్తోంది. ఆ లెక్క ప్రకారం గ్లేసియర్లు పెరగాలి, పెరిగాయి కూడా, మొన్న మొన్నటి దాకా. ఇప్పుడు ఆ లెక్కకు ఎదురు నడుస్తున్నాయి. మధ్యలో మారింది గాలి: పది లక్షల్లో 280 పాళ్ళున్న కార్బన్ డయాక్సైడ్ 420 దాటింది. వాడు నోట్ చేసుకున్నాడు. పక్కవాడు "సార్, ఇది సిలబస్‌లో ఉందా?" అన్నాడు.

హిమాలయాల దగ్గర కథ ఇంత తిన్నగా లేదని కూడా చెప్పాలి. నార్వేలో గ్లేసియర్‌కు చలికాలం మంచు పడుతుంది, ఎండాకాలం కరుగుతుంది. మన తూర్పు, మధ్య హిమాలయాల్లో గ్లేసియర్లకు మంచు ఎక్కువగా పడేది వానకాలంలోనే, రుతుపవనాలతో. పడమట లద్దాఖ్, లాహౌల్ వైపు చలికాలంలో పడమటి గాలులతో. అంటే చలి పెరగకపోయినా మంచి వానకాలాలు వరసగా వస్తే గ్లేసియర్ పెరగొచ్చు. ఒకే బూడిద పట్టీకి రెండు అర్థాలు. అందుకే పక్కనే గ్లేసియర్ లేని సరస్సు ఒకటి వెతుక్కుని దాని బురద కూడా తెస్తారు, పుప్పొడి చూస్తారు, నాలుగు సాక్ష్యాలు ఒకే మాట చెబితేగానీ నమ్మరు. నేను ఒక్క గొట్టం చూసి అండర్‌లైన్ చేసిన చోట.

మన దగ్గర గ్లేసియర్లు లేకపోయినా వానల లెక్క బురదలోనే ఉంది. మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడిన లోనార్ సరస్సు బురదలో 4,600 నుంచి 3,900 ఏళ్ళ కిందటి మధ్య సుదీర్ఘమైన కరువు కనిపించింది. ఇంకోటి బాపుకు చెప్పాను. బాసర, ధర్మపురి, కాళేశ్వరం మీదుగా పోయే గోదావరి మన మట్టిని మోసుకుపోయి బంగాళాఖాతంలో పారేస్తుంది. నది కలిసేచోట సముద్రం అడుగున గొట్టం దింపి, ఆకుల మీది మైనం అణువులు తీసి చూస్తే, సుమారు 4,000 ఏళ్ళ కిందటి నుంచి గోదావరి ప్రాంతంలో ఎండను తట్టుకునే మొక్కలు మెల్లగా పెరుగుతూ వచ్చి 1,700 ఏళ్ళ కిందటికి అవే స్థిరపడిపోయాయని తేలింది. మన చెరువుల్లో చెదిరిన కాగితాలు అక్కడ వరసగా ఉన్నాయన్నమాట. "అయితే మన మట్టి చూడనీకి సముద్రంల దిగాలె" అన్నాడు బాపు, గోదావరి మీద కోపం వచ్చినట్టు.

2024 నవంబర్‌లో వరంగల్ భద్రకాళి చెరువు ఖాళీ చేశారు కదా, ఆ తర్వాత పూడిక తీసేటప్పుడు ఒక ఆదివారం బాపుతో కలిసి పోయాను. కాకతీయుల కాలం నుంచీ ఉన్న చెరువు అడుగు ఎవరికైనా చూడాలనిపిస్తుంది. యంత్రం కోసిన ఒక గోడ దగ్గర పారతో కాస్త చెక్కి చూశాను. పైన జానెడున్నర నల్లటి మురుగు బురద, దాంట్లో షాంపూ పొట్లం, విగ్రహానికి వేసిన పూసల దండ ముక్క, ఏదో బట్ట పేలిక. కింద బూడిద రంగు. ఇంకా కింద ఒక సన్నని ఇసుక చార, అడుగు అంచు తేటగా, పైఅంచు కలిసిపోతూ. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాను, గరుకుగానే ఉంది. పంటి కింద పెట్టే ధైర్యం మాత్రం ఆ చెరువు దగ్గర నాకు లేదు.

"బాపూ, గీ చార చూడు" అని వెనక్కి తిరిగాను. ఆయన అక్కడ లేడు. గుప్పెడు నల్లమట్టి పిసికి చూసుకుంటూ టిప్పర్ డ్రైవర్ దగ్గర నిలబడి, నర్సంపేట దాకా ట్రిప్పుకు ఎంత అడుగుతావని బేరమాడుతున్నాడు.